ఫిరంగి గదిలో అక్క పేరున కవరు

ఫోర్ట్ గానెట్, చీసపీక్ బే
అక్టోబర్ 6, సోమవారం

అక్కా,

వచ్చేశా. 

కాగితం మీద ఎందుకు రాస్తున్నానంటే ఇక్కడ ఫోన్ నడవదు. దిగగానే ఒక చెక్కపెట్టె ముందు పెట్టి "ఫోన్ ఇందులో ఉంచండి సర్" అన్నారు. ఉంచకపోయినా లాభం లేదంట. గోడ ఎనిమిది అడుగుల మందం, సిగ్నల్ దూరదు. దానికి బదులు గదికో డబ్బా ఇచ్చారు, నిండా కాగితాలు, కవర్లు, స్టాంపులు. మంగళవారం, శుక్రవారం టపా పడవ వస్తుంది. నా తెలుగు సండే స్కూల్ దగ్గరే ఆగింది. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు.

అసలు అమ్మ చేసిన పని చూశావా? "నాన్ రిఫండబుల్ అంట, కట్టిన గది తొమ్మిది రాత్రులు ఖాళీగా ఉంచుతారా, నువ్వెళ్ళి పడుకో" అంది. ఆగిపోయిన పెళ్ళి హనీమూన్‌కి పెళ్ళికూతురి తమ్ముణ్ణి పంపిన ఇల్లు అమెరికా మొత్తంలో మనదొక్కటే అయ్యుంటుంది.

గదిలో ఏముందో చెప్పనా? రెండు తెల్ల గౌన్లు. రెండు జతల చెప్పులు. మంచం మీద పూలరేకులు. "మిస్టర్ అండ్ మిసెస్ వినీత్‌కి శుభాకాంక్షలు" అని కార్డు. డెస్క్ దగ్గర పెద్దావిడకి "పెళ్ళి జరగలేదండీ, అందుకే నేనొక్కణ్ణే వచ్చా" అని చెప్పా. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అప్పట్నుంచి అందరూ నన్ను అదోలా చూస్తున్నారు. భోజనం దగ్గర అర్థమైంది, నేనే పెళ్ళికొడుకునీ, నన్ను పెళ్ళికూతురు వదిలేసి పోయిందీ అనుకుంటున్నారు. కాదని చెప్దామని నోరు తెరిచా. అప్పుడే కేకు రెండో ముక్క తెచ్చి పెట్టారు. ఊరుకున్నా.

గది మాత్రం అక్కా, నమ్మలేవు. ఏడో నంబరు. ఒకప్పుడు ఫిరంగి పెట్టిన గది ఇది. పైకప్పు ఇటుకలతో పీపాని సగానికి కోసి బోర్లించినట్టు ఉంది. నేలలో వంపు తిరిగిన ఇనప పట్టా ఉంది, ఫిరంగిని అటూ ఇటూ తిప్పడానికంట. దాని మీద అద్దం పరిచి, అద్దం మీద మంచం వేశారు. కిటికీ అంటే ఫిరంగి మూతి బయటికి పెట్టే కంత. అందులోంచి చూస్తే ఒట్టి నీళ్ళు. చుట్టూ ఉప్పు నీళ్ళే కదా, ఇక్కడున్న సిపాయిలు ఏం తాగేవాళ్ళు? ఈ ఫిరంగి ఎప్పుడైనా పేలిందా? పేలితే గదిలో వాళ్ళ చెవులు ఏమయ్యేవి? టిఫిన్ తెచ్చినతన్ని అన్నీ అడిగా. "సర్, నేను వేసవి నుంచే చేస్తున్నా, నాకు తెలీదు" అని పారిపోయాడు.

ఇంకోటి. పొద్దున లేచి చూస్తే తెల్ల కార్పెట్ మీద గుప్పెడు ఎర్రపొడి. గోడలోంచి రాలింది. ఒకమ్మాయి వచ్చి ఊడ్చుకుని పోయింది. రోజూ రాలుతుందంట. ఎందుకో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు కూడా.

చివరిది. రాయాలా వద్దా అని గదిలో పదిసార్లు తిరిగా.

ఇక్కడో పద్ధతుంది. మనతో వచ్చేవాళ్ళకి ముందే ఉత్తరం రాసి హోటల్‌కి పంపొచ్చు. వాళ్ళొచ్చే రోజుకి గదిలో పెడతారు. నా గదిలో బల్ల మీద ఒక కవరు ఉంది. పైన "అబిగేల్‌కి" అని తెలుగులో ఉంది. వీళ్ళు చదవలేక గది నంబరు చూసి పెట్టేసినట్టున్నారు. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో నీకు తెలుసు.

తెరవలేదు. ఒట్టు. ఏం చెయ్యమంటావు?

కాలేబ్


షాంటిలీ
అక్టోబర్ 9

ఒరేయ్ కాలేబూ,

సముద్రంలో వెయ్యి.

ఇంకేం రాయకూడదనుకున్నా. కానీ క్లినిక్‌లో ఒక పేషెంట్ రాలేదు, అరగంట ఖాళీ దొరికింది.

నువ్వు తెరవలేదంటే నమ్మాలా? నా టెన్త్ రిజల్ట్ కవరు చింపింది ఎవరు? నా బర్త్‌డేకి అమ్మ దాచిన వాచీ డబ్బా విప్పి, వాచీ కూడా విప్పి చూసింది ఎవరు? మూసి ఉన్నది చూస్తే నీ చేతులు ఆగవు. అందుకే చెప్తున్నా, నీళ్ళలో వెయ్యి, నీకూ నాకూ మంచిది.

వాడి ఉద్యోగం పోయినందుకు నేను పెళ్ళి ఆపానని చర్చిలో సగం మంది అనుకుంటున్నారు. నువ్వు కూడా అనుకుంటున్నావేమో. ఉద్యోగం పోతే పోయింది, ఇక్కడ ఎవరికి పోలేదు? ఆ ఆదివారం చర్చి వంటగదిలో ఉల్లిపాయలు కోస్తున్నా. వసంతకుమారి ఆంటీ వచ్చి నా వీపు నిమిరి, "ధైర్యంగా ఉండమ్మా, వినీత్ ఉద్యోగం కోసం శుక్రవారం నుంచి అందరం ప్రార్థిస్తున్నాం" అంది. నేను కత్తి పట్టుకుని నిలబడిపోయా. నలభై కుటుంబాలకి తెలుసు. నాకు తెలీదు. శుక్రవారాలు చర్చివాళ్ళంతా చేరే ఫోన్ ప్రార్థన లైన్‌లో పేరు లేకుండా వచ్చిన ప్రార్థన మనవంట, ఆంటీ చదివిందంట. పేరు లేకుండా ఏంటి, వాడే పంపాడు. ఇంకెవరికి తెలుసు? ఊరందరి ప్రార్థన కావాల్సొచ్చింది గానీ నాకు ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు.

అడిగా కూడా, "నువ్వే పంపావా?" అని. తల దించుకుని "తప్పు నాదే" అన్నాడు. అంతే.

నువ్వు మంచిగా తిను. బాత్రూమ్‌లో చిన్న చిన్న సీసాలుంటాయి, అన్నీ తెచ్చెయ్యి.

అక్క


ఫోర్ట్ గానెట్
అక్టోబర్ 17

అక్కా,

నేను ఎక్కాల్సిన పడవలోంచే నీ ఉత్తరం దిగింది. నేను మాత్రం ఎక్కలేదు. అమ్మకి ఆఫీసు ఫోన్‌లోంచి చెప్పా, నీకు చెప్పే ఉంటుంది. అమ్మ చెప్పింది తప్పు. నేను పిచ్చోణ్ణవలేదు. ఉద్యోగం వచ్చింది.

ఆ ఎర్రపొడి ఉంది కదా. మూడో రోజు టార్చి అడిగి తీసుకుని గోడ పక్కన నేల మీద పడుకుని చూశా. ఇటుకల మధ్య పాతది తెల్లగా, మెత్తగా ఉంది. దాని మీద ఎవరో తర్వాతెప్పుడో బూడిదరంగు సిమెంటు పూశారు. సిమెంటు పూసిన చోటే ఇటుక రాలుతోంది. పూయని చోట రెండొందల ఏళ్ళ ఇటుక అలాగే ఉంది! పోయి డెస్క్ దగ్గర చెప్పా. పాపం పెళ్ళికొడుక్కి మతి చలించిందనుకున్నారు. నన్ను ఊరుకోబెట్టడానికి వాల్టర్ అని ఇక్కడి మేస్త్రీని పిలిచారు. అరవై ఎనిమిదేళ్ళ నల్లాయన, చేతిలో బకెట్.

"ఎవరు చెప్పారు నీకిది?" అన్నాడు.

"మా తాతయ్య" అన్నా.

నీకు గుర్తుండాలి, బందరులో తాతయ్య గానుగ సున్నం వేసేవాడు. ఎద్దు తిరుగుతుంటే నేను వెనకాల తిరిగేవాణ్ణి. కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసేవాడు, ఆ నీళ్ళు నేను తాగి తన్నులు తిన్నా. "సున్నం గోడ ఊపిరి తీస్తుందిరా, లోపలి తడి తనే బయటికి పంపుతుంది. సిమెంటు పెడితే ముక్కు మూసినట్టే" అనేవాడు. అదే వాల్టర్‌కి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పా. ఆయన బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని నవ్వాడు. లోపల ఉప్పునీళ్ళు బయటికి రాలేక ఇటుకని పగలగొట్టుకుని వస్తున్నాయని ఆయన రెండేళ్ళుగా ఆఫీసులో మొత్తుకుంటున్నాడంట. "ఇదిగో, వారం రోజులు ఉండటానికొచ్చిన గెస్ట్ కూడా చెప్తున్నాడు" అని నన్ను మేనేజర్ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. పాత సిమెంటు మొత్తం ఉలితో తీసి మళ్ళీ సున్నం పెట్టాలి. ఏడాది పని. ఆయనకి సాయం కావాలి.

నువ్వు అనబోయేది నాకు తెలుసు. స్కూల్ పదకొండో క్లాసులో వదిలాడు, గ్రాసరీ స్టోర్ మూడు నెలలు, ఆష్‌బర్న్‌లో కేబుళ్ళు లాగడం ఐదు నెలలు, ఇదెన్నాళ్ళు? అనుకో. నాకూ తెలీదు. కానీ సిపాయిలు ఏం తాగేవాళ్ళో తెలిసింది. మిద్దె మీద పడ్డ వాన గోడల్లోంచి దిగి నడిమి వాకిలి కింద తొట్టిలోకి చేరేదంట. వాల్టర్ చూపిస్తానన్నాడు.

కాలేబ్


షాంటిలీ
నవంబర్ 3

కాలేబూ,

నాలుగు పేజీలు రాశావు. ఇటుకలు, సున్నం, బెల్లం, తాతయ్య, ఎద్దు. కవరు గురించి ఒక్క ముక్క లేదు.

నీళ్ళలో వేశావా లేదా? వేసుంటే మొదటి లైన్‌లోనే చెప్పేవాడివి, మార్కులు కొట్టెయ్యడానికి. అంటే వెయ్యలేదు.

సరే. వెయ్యకపోతే పోనీ. తెరవొద్దు, అది మాత్రం ఖాయం. నాకు కూడా పంపొద్దు. ఊరికే అడుగుతున్నా, మందంగా ఉందా, పల్చగా ఉందా? ఎన్ని కాగితాలుంటాయి? పోస్టు ముద్ర మీద తేదీ ఎంత? పెళ్ళి ఆగకముందు పంపాడా, ఆగాక పంపాడా?

దీపం ముందు పట్టుకుంటే ఏమన్నా కనిపిస్తుందా? చదవమని కాదు. కనిపిస్తుందా అని.

ఇక్కడ విశేషాలేం లేవు. శుక్రవారం లైన్‌లోకి నేను వెళ్ళట్లేదు. చర్చికి కూడా లేటుగా వెళ్ళి ముందే వచ్చేస్తున్నా. అమ్మ నైట్ డ్యూటీలు ఎక్కువ వేయించుకుంటోంది. ఇంట్లో నేనూ, నీ వాసనొచ్చే ఆ బూట్లూ.

అక్క


ఫోర్ట్ గానెట్
నవంబర్ 25

అక్కా,

నువ్వడిగినవి వరసగా చెప్తా. మందంగా ఉంది, నాలుగు కాగితాలు ఉండొచ్చు. ముద్ర ఒహాయోలోని కొలంబస్ అని ఉంది, సెప్టెంబర్ 22. అంటే పెళ్ళి ఆగాక, అతను అక్కడ కొత్త ఉద్యోగంలో చేరాక. దీపం ముందు పెట్టా. ఏం కనిపించలేదు, కవరు లోపల నల్ల కాగితం అతికించి ఉంది. నీకు చెప్పకముందే పెట్టా. నీ తమ్ముణ్ణి కదా.

ఇంక అసలు సంగతి. ఇది ఆరోసారి రాయడం. ఐదు చించేశా.

కవరు నీళ్ళలో వేద్దామనే వెళ్ళా. నువ్వు చెప్పకముందే, మొదటి రోజే. నీకోసం కాదు. నాకోసం. అందులో నా పేరుంటుందని భయం.

ఆ మనవి పంపింది నేను.

జూలైలో కేబుల్ పనిలోంచి నన్ను తీసేసిన రోజు బావ నన్ను ఎక్కించుకోడానికి వచ్చాడు. పార్కింగ్‌లోనే కారు ఆపాడు. "నిన్ను ఈ రోజు తీసేశారు, నన్ను సోమవారం తీసేశారు. ఇద్దరం కలిసి టీ కొట్టు పెట్టుకుందామా" అన్నాడు. నవ్వాం. తర్వాత నవ్వలేదు. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే దేశం వదిలి పోవాలన్నాడు. "అక్కకి నేనే చెప్తా, నువ్వు చెప్పకు" అన్నాడు. సరేనన్నా.

రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. నాకు అది ఎంత కష్టమో నీకు తెలుసు. ఆ శుక్రవారం ఆంటీ ఎప్పట్లాగే అందరికీ మెసేజ్ పంపింది కదా, "పేరు రాయకుండా మీ మనవి టైప్ చేసి పంపండి" అని. నేను ఇలా రాశా: "అక్టోబర్‌లో పెళ్ళి పెట్టుకున్న ఒక బ్రదర్‌కి జాబ్ పోయింది. వీసా టైం తక్కువ ఉంది. ప్రార్థించండి."

పేరు రాయలేదు కదా, ఏం కాదులే అనుకున్నా. మన చర్చిలో అక్టోబర్ పెళ్ళి మీదొక్కటే అని పంపించాక తట్టింది. అప్పటికి ఆంటీ చదివేసింది.

నువ్వు "నువ్వే పంపావా" అని అడిగినప్పుడు అతనికి తెలుసు, నేనేనని. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదుగా. "తప్పు నాదే" అన్నాడంటే నన్ను పట్టివ్వలేదన్నమాట. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి "తిన్నావా" అని అడిగాడు. అంతే అడిగాడు. నేను తిన్నా అన్నా. అప్పుడు చెప్పాల్సింది. రెండు నెలలు నువ్వు అన్నం కలిపి వదిలేస్తుంటే ఎదురుగా కూర్చుని చూశా. ఇక్కడికి ఎగిరి గంతేసి వచ్చింది కూడా అందుకే. కేకు కోసం కాదు.

కవరు డెస్క్‌లో ఇచ్చేశా. పాత మందుగుండు కొట్లో చెక్కగూళ్ళున్నాయి, అక్కడ ఏడాది దాచుతారు. ఎవరి పేరుందో వాళ్ళే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. ఇంక నా చేతుల్లో లేదు. కావాలనే అలా చేశా.

కాలేబ్


షాంటిలీ
డిసెంబర్ 8

ఉత్తరం అందింది.

నేను రాసేదాకా ఇంటికి రాకు. క్రిస్మస్‌కి కూడా. అమ్మకి పని ఉందని చెప్పా.

అబిగేల్


ఫోర్ట్ గానెట్
జనవరి 20

అక్కా,

జవాబు కోసం కాదు. ఊరికే రాస్తున్నా.

చలికాలం సున్నం పెట్టకూడదు, గడ్డకట్టి పొట్టులా రాలిపోతుంది. అందుకని సిమెంటు తీసే పనే జరుగుతోంది. మిషన్ పెడితే ఇటుక అంచు పోతుందని వాల్టర్ ఒప్పుకోడు. ఉలి, సుత్తి. రోజుకి నా చేతి పొడుగంత గోడ. నిన్న మధ్యాహ్నం ఏడో గదిలో ఒక పెద్ద పలక ఒక్కసారిగా ఊడొచ్చింది. వెనకాల ఇటుక నల్లగా తడిసి ఉంది. సాయంత్రానికి దాని మీద తెల్లగా ఉప్పు పూసింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నా. సముద్రమే.

ఎన్నేళ్ళ నీళ్ళో అని వాల్టర్‌ని అడిగా. "అడగటం ఆపవా నువ్వు" అన్నాడు. మళ్ళీ తనే "పదిహేనేళ్ళు, ఆ సిమెంటు పూసినప్పట్నుంచి" అన్నాడు.

క్రిస్మస్‌కి ఆయన ఇంట్లో తిన్నా. ఆయన భార్య నన్ను ఇంకా పెళ్ళికొడుకనే అనుకుంటోంది. ఈసారి నిజం చెప్పా, మొత్తం.  "మీ అక్కకి కోపం ఉండనీ, తొందర పెట్టకు" అంది.

తొందర పెట్టట్లేదు.

కాలేబ్


షాంటిలీ
ఫిబ్రవరి 12

కాలేబూ,

గోడ గురించి రాస్తున్నావో నీ గురించి రాస్తున్నావో అర్థమవుతోందిలే. తెలివి ఎక్కువైంది.

నీ ఉత్తరం పదిసార్లు చదివా. పదిసార్లూ నిన్ను తిట్టా. తర్వాత ఒక సంగతి తట్టింది. ఆరునెలలుగా ఆంటీవాళ్ళు వినీత్‌ని "కాబోయే పెళ్ళానికి చెప్పకుండా ఊరందరికీ చెప్పుకున్నాడు" అంటున్నారు. అది మొదట అన్నది నేనే. నేను అన్నాకే వాళ్ళు పట్టుకున్నారు. ఇప్పుడు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి కాదని చెప్పుకుంటూ తిరగలేను. పైగా చెప్పాల్సింది నేను కాదు.

కాబట్టి విను. మార్చి మొదటి శుక్రవారం ఇంటికి రా. సాయంత్రం ఏడింటికి లైన్‌లో సాక్ష్యం చెప్పే టైంలో నువ్వు మాట్లాడు. టైప్ చెయ్యడం కాదు. పేరు లేకుండా కాదు. మ్యూట్ తీసి, "నేను కాలేబ్‌ని, అబిగేల్ తమ్ముణ్ణి" అని మొదలుపెట్టు.

అదే రోజు నేను ఆ కోటకి వెళ్తా. స్టాఫ్ ఇంటివాళ్ళకి చలికాలం ఖాళీ గది ఇస్తారని అమ్మతో అన్నావంట కదా. ఇప్పించు. నువ్వు అక్కడుండగా నేను రాను.

కవరు తీసుకుంటానని చెప్పట్లేదు. ముందు నువ్వు చెప్పు. తర్వాత చూస్తా.

అక్క


షాంటిలీ
మార్చి 7, శనివారం

అక్కా,

జెట్టీ మీద నువ్వు కారు తాళాలు నా చేతిలో పెట్టి మొహం కూడా చూడకుండా పడవెక్కావు. అయినా నా చేతుల వంక చూశావు, నేను గమనించా. సున్నానికి పగిలాయి, అంతే. కొబ్బరినూనె రాస్తున్నా.

నిన్న చెప్పేశా.

ముందు ఎప్పట్లాగే పాట. ఎవరింట్లోనో కుక్కర్ మూడు విజిళ్ళు వేసింది. ఆంటీ "సాక్ష్యం ఎవరైనా?" అంది. నా వేలు మ్యూట్ మీదే ఉంది. తీశా. "నేను కాలేబ్‌ని, అబిగేల్ తమ్ముణ్ణి" అన్నా. "ప్రైజ్ ద లార్డ్ తమ్ముడూ, ఎన్నాళ్ళయింది నీ గొంతు విని!" అని ఆంటీ సంతోషపడిపోయింది. అక్కడే సగం ప్రాణం పోయింది.

ఆగస్టులో ఆ మనవి నేను పంపానని చెప్పా. వినీత్ గారు పంపలేదు, ఆయనకి తెలీదు, నన్ను కాపాడ్డానికి నింద మీద వేసుకున్నాడు అన్నా. ఆంటీ అలవాటు కొద్దీ మధ్యమధ్యలో "ఆమెన్, ఆమెన్" అంటూనే ఉంది. ఆఖర్న "మనమందరం ఆయన్ని అన్నాం, నా వల్లే అన్నాం" అన్నప్పుడు ఆ ఆమెన్ ఆగిపోయింది. నలభై మంది ఉన్నారు లైన్‌లో.  కట్ అయిందేమో అనుకుని ఫోన్ చూసుకున్నా. కాలేదు.

అప్పుడు ఆంటీ, "నాయనా, ఆ మనవి చదివింది నేను కదా. చదివాక ఇది ఎవరి గురించై ఉంటుందని ముగ్గురికి ఫోన్ చేసింది కూడా నేనే" అంది. ఏడ్చేసింది. పేరు లేని మనవులు ఇకనుంచి చదవనంది. ఇంకెవరో వినీత్ గారి నంబరు ఉందా అని అడిగారు. నేను ఇవ్వలేదు. నేర్చుకున్నా చూడు.

అమ్మ డ్యూటీకి వెళ్ళకుండా పక్క గదిలో కూర్చుని అంతా విన్నదంట. బయటికొచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే. తర్వాత చేపల పులుసు పెట్టింది.

ఏడో గదిలో కార్పెట్ చూడు. పొడి ఉందా?

కాలేబ్


ఫోర్ట్ గానెట్, ఏడో గది
మార్చి 10, మంగళవారం

కాలేబూ,

పొడి లేదు. నాలుగు పొద్దులూ వంగి చూశా. కిటికీ పక్క గోడ కొంచెం వికారంగా ఉంది, పళ్ళు ఊడిన నోరులా. పని అయ్యాక బాగుంటుందని మీ వాల్టర్ చెప్పాడు. నన్ను చూడగానే "ఓ, ప్రశ్నలవాడి అక్క" అన్నాడు.

నీ ఉత్తరం ఈ పొద్దున పడవలో వచ్చింది. అంతవరకు డెస్క్ వైపు వెళ్ళలేదు, గది తాళం కూడా వాల్టరే తెచ్చిచ్చాడు. చదివాక వెళ్ళి సంతకం పెట్టా. ఆ పెద్దావిడ నా పేరు చూసి, నన్ను చూసి, "అంటే మీరేనా..." అని ఆగిపోయింది. పెళ్ళికొడుకుని వదిలేసి పోయిన దుర్మార్గురాల్ని నేనే! నీ కేకు కోసం నా పరువు తీశావు కదరా. మొత్తం చెప్పి సరిచేసే సరికి నాకూ కేకు పెట్టింది.

ఇంటికొచ్చి ఇది నోటితో చెప్పలేను, అందుకే ఇక్కడి పద్ధతిలోనే నీ పేరు రాసి డెస్క్‌లో వదిలి వెళ్తున్నా. నాలుగు కాగితాలే. నువ్వు చెప్పిన లెక్క కరెక్ట్. మూడింట్లో పద్దెనిమిది రోజుల సంగతి ఉంది. ఉద్యోగం పోయిన రోజు నుంచి ఆ శుక్రవారం దాకా. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు వేసుకుని, ఆఫీసు బ్యాడ్జి మెడలో వేసుకుని, ఆష్‌బర్న్ లైబ్రరీలో కూర్చునేవాడంట. మధ్యాహ్నం నేను ఫోన్ చేసి "తిన్నావా, ఆఫీసులో బిజీయా" అంటే "మీటింగ్‌లో ఉన్నా" అని గుసగుసగా చెప్పేవాడు గుర్తుందా? లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు కదా, అందుకంట. చదువుతూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నా.

"ఎవరు చెప్పారన్నది అడగకు అబిగేల్. చెప్పాల్సింది నేను. నువ్వు వంటగదిలో అలా వినడానికి కారణం నా పద్దెనిమిది రోజులే" అని రాశాడు. నీ పేరు ఆ మూడు కాగితాల్లో ఎక్కడా లేదు.

నాలుగోదాంట్లో ఉంది. అదిక్కడ రాస్తున్నా.

"ఈ గదికి నువ్వు రావని తెలుసు. కట్టిన గది మీ అమ్మ ఖాళీగా ఉంచదు, కాలేబ్‌ని పంపుతుంది. వాడు ఇది తెరవకుండా ఉంచాడంటే పెద్దవాడయ్యాడన్నమాట, నా తరఫున ఒక థాంక్స్ చెప్పు. సముద్రం వైపు గోడ ఎందుకంత మందమని వాడు అందర్నీ అడుగుతాడు. ఎవరో ఒకరు వాడికి ఓపిగ్గా చెప్తే బాగుండు."

ఇందుకేనట్రా నువ్వు నీళ్ళలో వేద్దామనుకున్నది?

నీ మీద కోపం పోలేదు. సగం పోయింది. మిగతా సగం ఎప్పుడు పోతుందో నన్ను అడక్కు. అతని మీద ఎంత ఉందో వెతుక్కుంటున్నా.

డబ్బాలోంచి ఇంకో కాగితం తీశా. పైన అతని పేరు రాశా. కింద ఏం రాయాలో ఇంకా తెలీదు. టపా పడవ శుక్రవారం. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా, ఒట్టి నీళ్ళు.

అక్క


ఫోర్ట్ గానెట్
మార్చి 13, శుక్రవారం

అక్కా,

నువ్వు పడవలో కూర్చున్నాక, దిగొచ్చి నా తల మీద ఒకటి మొట్టి మళ్ళీ వెళ్ళి కూర్చున్నావు కదా. వాల్టర్ చూసి "అది మంచి సూచన" అన్నాడు. పడవ చుక్కంత అయ్యేదాకా నిలబడి, డెస్క్‌లో నీ కవరు తీసుకుని చదివా. రెండుసార్లు. తర్వాత కాసేపు తొట్టి దగ్గర కూర్చుని వచ్చా.

నీకొకటి చెప్పాలి. టపా సంచి పడవలోకి ఎక్కించింది నేనే. డెస్క్ ఆవిడకి మోకాళ్ళ నొప్పి. సంచి మూతి కట్టలేదు. పైనే ఒక కవరు ఉంది, మందంగా. పక్కకి తిరిగి ఉంది. కొంచెం చెయ్యి పెడితే పేరు కనపడేది.

తాడు తీసి మూతి కట్టేశా. రెండు ముళ్ళు వేశా.

చలి తగ్గింది. సోమవారం నుంచి సున్నం మొదలు, మొదట నీ కిటికీ పక్కదే. పెట్టాక తొందరగా ఆరిపోకుండా తడి గోనెలు కప్పి రోజుల తరబడి కాపలా కాయాలి. కింద ఏమవుతోందో అని ఎత్తి చూడకూడదంట. వాల్టర్ ఇది నాకు మూడుసార్లు చెప్పాడు.

అక్కా, ఒక్కటి అడగనా? ఆయన్ని మళ్ళీ బావ అని పిలవొచ్చా?

వద్దులే. దీనికి జవాబు రాయకు. ఆగుతా.

నీ తమ్ముడు
కాలేబ్